పెన్షన్‌పై వచ్చాక ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరవచ్చా? ఆ జీవితం ఎలా ఉంటుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు సైన్యంలో వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్ ట్రేడు హవల్దారు. మరో రెండేళ్ళలో పెన్షన్‌పై వస్తున్నారు. తోటివారు చాలామంది చేరుతున్న సెక్యూరిటీ ఉద్యోగాల మీద మీకు మనసు లేదు. చేతిలో ఉన్న పనిని ఐటీఐ పిల్లలకు నేర్పుతూ, మిగిలిన సమయంలో ఊరికి ఉపయోగపడాలని ఉంది. ఇది సాధ్యమేనా, సాధ్యమైతే ఇప్పటి నుంచి ఏం చేయాలి, ఆ జీవితం నిజంగా ఎలా ఉంటుంది అని అడిగారు.

సాధ్యమే, నిస్సంకోచంగా రండి. నేను కూడా ఈఎంఈలో అదే ట్రేడులో పనిచేసి నాయబ్ సుబేదారుగా పెన్షన్‌పై వచ్చాను. ఆ తర్వాత ఉత్తరాంధ్రలో పదేళ్ళకు పైగా మోటార్ మెకానిక్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను, ఇప్పటికీ మా ఊళ్ళో మాజీ సైనికుల పనులు చూస్తున్నాను. కానీ రెండు విషయాలు ముందే తెలుసుకోండి: ఒకటి, కాగితాలన్నీ యూనిఫారంలో ఉండగానే సిద్ధం చేసుకోవాలి, రెండు, పని చేయడం రావడం వేరు, పని నేర్పడం రావడం వేరు, రెండో దాన్ని మీరు మొదటి నుంచి నేర్చుకోవాలి. ఈ రెంటికీ సిద్ధపడిన మాజీ సైనికుణ్ణి ఏ ఐటీఐ అయినా కళ్ళకద్దుకుని తీసుకుంటుంది.

ముందుగా అర్హతల సంగతి. ఐటీఐ శిక్షణ 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మన్ శిక్షణ పథకం కింద నడుస్తుంది. దాని నియమాలను కేంద్రంలోని శిక్షణ డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీటీ, నిర్ణయిస్తుంది. ఆ నియమాల ప్రకారం ఇన్‌స్ట్రక్టరుకు సంబంధిత శాఖలో ఇంజినీరింగ్ డిగ్రీతో ఏడాది అనుభవమైనా, డిప్లొమాతో రెండేళ్ళ అనుభవమైనా, ఎన్‌టీసీ (ఐటీఐ ట్రేడు పాసైతే ఇచ్చే జాతీయ సర్టిఫికెట్) లేదా ఎన్‌ఏసీ (అప్రెంటిస్‌షిప్ పూర్తి చేస్తే ఇచ్చేది)తో మూడేళ్ళ అనుభవమైనా ఉండాలి. వీటికి తోడు సీఐటీఎస్ అనే ఏడాది ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ పూర్తి చేసి, దాని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మీకు అనుభవానికి లోటు లేదు. లోటు ఉంటే గింటే ఎన్‌టీసీ దగ్గరే ఉంటుంది. సైన్యంలో పాసైన ట్రేడ్ టెస్టులు మనకు ఎంత విలువైనవైనా, సివిల్ నియామక అధికారి మొదట అడిగేది డీజీటీ గుర్తించిన సర్టిఫికెట్టునే. అది మీ దగ్గర లేకపోతే, ప్రైవేట్ అభ్యర్థిగా అఖిల భారత ట్రేడ్ పరీక్ష రాసే దారి ఉందేమో మీ రికార్డు ఆఫీసు ద్వారానూ, దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాల్ ద్వారానూ వెంటనే కనుక్కోండి. డిశ్చార్జి కాగితాల్లో మీ ట్రేడు పక్కన దానికి సమానమైన సివిల్ ట్రేడు స్పష్టంగా నమోదయ్యేలా చూసుకోండి. మెకానిక్ మోటార్ వెహికల్ అని ఉండటానికీ, ఉత్త మెకానిక్ అని ఉండటానికీ ఇంటర్వ్యూ బల్ల దగ్గర చాలా తేడా వస్తుంది.

సీఐటీఎస్ ప్రవేశాలు దేశమంతటికీ కలిపి ఒకే పరీక్ష ద్వారా జరుగుతాయి. మనకు దగ్గరగా హైదరాబాద్‌లో విద్యానగర్, రామంతాపూర్‌లలో జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలు ఉన్నాయి. పాతకాలం వారు వీటిని ఇప్పటికీ ఏటీఐ అనే అంటారు. అన్ని ట్రేడులూ అన్ని చోట్లా ఉండవు కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసి, అవసరమైతే చెన్నై వెళ్ళడానికి కూడా సిద్ధంగా ఉండండి. పెన్షన్ వచ్చిన తొలి ఏడాది ఇంటి పట్టున ఉండాలని భార్యాబిడ్డలు కోరుకోవడం సహజం. అయినా ఆ ఏడాదిని ఈ కోర్సుకు ఇచ్చేయమనే నా సలహా, ఎందుకంటే ఒకసారి చిన్నదో పెద్దదో ఉద్యోగంలో పడ్డాక మళ్ళీ ఏడాది పాటు చదువుకు కూర్చునేవారు అరుదు.

ఇక్కడ చాలామంది హవల్దార్లు పొరపడే విషయం ఒకటి ఉంది. పదిహేనేళ్ళ సర్వీసు చేసిన మెట్రిక్యులేట్ మాజీ సైనికుణ్ణి కొన్ని ఉద్యోగాలకు డిగ్రీ చదివినవాడితో సమానంగా చూస్తారన్న మాట మీరూ వినే ఉంటారు. ఆ వెసులుబాటు, సాంకేతిక అనుభవం తప్పనిసరి కాని గ్రూప్ సి ఉద్యోగాలకు వర్తించేది. ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగంలో సాంకేతిక అర్హతే ప్రధానం కాబట్టి డిగ్రీతో సమానమని ఇచ్చే ఆ సర్టిఫికెట్టును నమ్ముకుని దరఖాస్తు చేయకండి. ఈ ఒక్క కారణంతో దరఖాస్తులు తిరస్కరణకు గురై నిరుత్సాహపడినవారిని నేను చూశాను. వయసు విషయంలో మాత్రం భయం అక్కర్లేదు. మాజీ సైనికుల విషయంలో సైన్యంలో చేసిన సర్వీసును వయసు నుంచి తీసివేసి, ఆపైన మూడేళ్ళ సడలింపు ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే, ఆఫీసరు కాని ర్యాంకుల వారికి కొత్త జీతం నిర్ణయించేటప్పుడు మిలటరీ పెన్షన్‌ను లెక్కలోకి తీసుకోరు కూడా.

ఉద్యోగాలు ఎక్కడ ఉంటాయన్నది తర్వాతి సంగతి. దేశంలో ఉన్న దాదాపు 15 వేల ఐటీఐలలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రైవేటువే. ప్రభుత్వ ఐటీఐలలో రెగ్యులర్ నియామకాలు ఎప్పుడో ఒకప్పుడు గాని రావు. మధ్యలో గెస్టు, కాంట్రాక్టు పద్ధతుల్లో తీసుకుంటారు. ప్రైవేటు సంస్థల్లో జీతాలు చిన్నవి, కొన్నింట మరీ చిన్నవి. పెన్షన్ ఉన్న మనకు ఆ జీతంతో గడిచిపోతుంది. కానీ పెన్షన్ ఉంది కదా అని యాజమాన్యం మరింత తక్కువకు బేరమాడితే ఒప్పుకోకండి. మీరు తక్కువకు ఒప్పుకుంటే, పెన్షన్ లేని తోటి ఇన్‌స్ట్రక్టర్ల జీతానికి కూడా గండి పడుతుంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. మీది ఆ ప్రాంతమైతే అటువైపు కూడా ఒక కన్ను వేసి ఉంచండి.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే నేర్పే పనికి వస్తాను. ఈఎంఈ సెంటర్లో మనకు వచ్చే రిక్రూటు ఎలాంటివాడో గుర్తు చేసుకోండి. ఆరోగ్య పరీక్షలు దాటి, కావాలని చేరి, కడుపునిండా తిని, బారక్‌లో నిద్రపోయి, విజిల్ ఊదగానే వరుసలో నిలబడేవాడు. ఐటీఐకి వచ్చే పిల్లవాడు పొద్దున్నే ఏదో పల్లె నుంచి బస్సు పట్టుకుని, చాలాసార్లు ఏమీ తినకుండానే వస్తాడు. ఇంటర్‌లో సీటు రాక వచ్చినవాడు ఉంటాడు, నాన్న పంపితే వచ్చినవాడు ఉంటాడు, రాత్రి పూట పని చేసి వచ్చేవాడు ఉంటాడు. వీళ్ళను వరుసలో నిలబెట్టి గట్టిగా అరిస్తే వారం పాటు క్రమశిక్షణ కనబడుతుంది, రెండో వారం నుంచి హాజరు తగ్గుతుంది. పరీక్ష రాయడానికి 80 శాతం హాజరు కావాలి కాబట్టి, మన కోపం చివరికి ఆ పిల్లవాడి సర్టిఫికెట్టుకే ఎసరు పెడుతుంది. సైన్యం నుంచి మనం తీసుకురావాల్సింది గొంతును కాదు, వేళకు రావడాన్ని, పని అయ్యాక పనిముట్లను లెక్కపెట్టి బోర్డు మీద వాటి స్థానంలో పెట్టడాన్ని, చెప్పింది ముందు మనమే చేసి చూపించడాన్ని. ఈ మూడూ ఉంటే పిల్లలు తమంతట తామే దారికొస్తారు.

సైన్యంలో మనం పాఠాన్ని వివరించి, చేసి చూపించి, చేయించి, ప్రశ్నలు అడిగి ముగించేవాళ్ళం. సీఐటీఎస్‌లో నేర్పే పద్ధతి కూడా ఇంచుమించు అదే వరుసలో ఉంటుంది. తేడా ఏమిటంటే, అక్కడ ప్రతి పాఠానికీ లెసన్ ప్లాన్, ప్రతి పనికీ డెమాన్‌స్ట్రేషన్ ప్లాన్ రాయించి, తోటి ట్రైనీల ముందు పాఠం చెప్పించి, తప్పులు పట్టుకుంటారు. ఇరవయ్యేళ్ళు పని చేసిన చేతికి ఇది అనవసరమనిపిస్తుంది. కాదు. పని బాగా వచ్చినవాడికి తన చేయి ఏమేం చేస్తున్నదో తనకే కనబడకుండా పోతుంది. దాన్ని మళ్ళీ మెట్టు మెట్టుగా విడదీసి చూడగలగడమే ఈ ఏడాది చదువు ఇచ్చే లాభం.

ఒక ఉదాహరణ చెబుతాను. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజినుకు ట్యాపెట్ సెట్ చేయడం, అంటే వాల్వుల సందు సరిచేయడం, మీకు చీకట్లో కూడా చేతనవుతుంది. కొత్త పిల్లవాడు పుస్తకంలో చదివి, మొదటి పిస్టన్‌ను టీడీసీకి, అంటే అది పూర్తిగా పైకి చేరే స్థానానికి, తెచ్చి, సందు కొలిచే పల్చటి ఆకు ఫీలర్ గేజ్ దూర్చి, స్క్రూ బిగించేస్తాడు. సగంసార్లు అది కంప్రెషన్ టీడీసీ కాదు, ఎగ్జాస్ట్ చివర వచ్చే టీడీసీ. ఆ స్థితిలో వాల్వులు రెండూ కొద్దిగా తెరుచుకుని ఉంటాయి. అక్కడ సెట్ చేసిన సందు సందే కాదు. "కంప్రెషన్ టీడీసీ చూసుకోవాలి" అని మీరు ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఎక్కదు. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2 అయిన ఇంజినులో నాలుగో సిలిండరు వాల్వుల మీద వాడి రెండు వేళ్ళు పెట్టించి, క్రాంక్‌ను మెల్లగా తిప్పించండి. ఒక వాల్వు మూసుకుంటూ, రెండోది తెరుచుకుంటూ ఊగిసలాడే క్షణం వేళ్ళకు తెలుస్తుంది. అప్పుడు మొదటి సిలిండరు కంప్రెషన్ మీద ఉందని చెప్పండి. ఒక్కసారి వేళ్ళకు తెలిసిన విషయాన్ని ఆ పిల్లవాడు జన్మలో మరిచిపోడు.

తర్వాతది ఫీలర్ గేజ్ బిగువు. ఆకు లాగినప్పుడు స్వల్పంగా పట్టి వదలాలి అంటాం. ఆ స్వల్పం ఎంతో మాటల్లో చెప్పలేం. నేను చేసే పని ఏమిటంటే, ఒక వాల్వును కావాలని వదులుగా, ఒకదాన్ని బిగుతుగా, ఒకదాన్ని సరిగ్గా సెట్ చేసి ఉంచి, మూడింటి మీదా గేజ్ లాగించి, ఏది సరైనదో వాళ్ళనే చెప్పమంటాను. ఆ తర్వాతే కారణం చెబుతాను: సందు తక్కువైతే ఇంజిను వేడెక్కాక వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోక కాలిపోతుంది, ఎక్కువైతే చప్పుడు చేస్తుంది, వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది. చేయి ముందు, కారణం వెనుక. పుస్తకం భయం ఉన్న పిల్లల విషయంలో ఈ వరుస తప్పకుండా పనిచేస్తుందని నా అనుభవం. లెక్కలంటే వణికిపోయే ఒక అబ్బాయి మైక్రోమీటరుతో 0.01 మిల్లీమీటరు తేడాను పట్టుకోవడం మొదలుపెట్టాక, దశాంశాలు వాడంతట వాడే నేర్చుకున్నాడు. వర్క్‌షాప్ కాలిక్యులేషన్ పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల కంటే ముందు వాడి చేతికి ఒక పిస్టన్ ఇవ్వండి.

మరో విషయం, మన పరిజ్ఞానానికి సంబంధించినది. మీ చేయి సైన్యపు బండ్లైన స్టాలియన్ లారీ మీద, జిప్సీ మీద తిరిగింది. బయట 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణానికి సరిపోయే బండ్లు తప్ప కొత్తవి అమ్మడం లేదు. ఇవాళ పిల్లవాడు సర్వీస్ సెంటర్లో చేరిన మొదటి రోజునే బండిలోని లోపాలు చదివే స్కానర్ చేతికి ఇస్తారు. కామన్ రైల్ ఇంజెక్షన్, సెన్సార్లు, ఇంజినును నియంత్రించే కంప్యూటరు ఈసీయూ, ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీ భద్రత, ఇవన్నీ తెలియకుండా ఇన్‌స్ట్రక్టరుగా నిలబడటం పిల్లలకు అన్యాయం. మిగిలిన రెండేళ్ళలో పెన్షన్‌పై వెళ్ళే సైనికుల పునరావాసం చూసే డీజీఆర్ వారి కోర్సుల్లో ఏదో ఒకటి చేసే అవకాశం మీకు ఉంటుంది. తేలికగా ఉంటుందని మేనేజ్‌మెంట్ కోర్సు తీసుకోకుండా, మీ ట్రేడుకు దగ్గరైనది అడగండి. సెలవుపై వచ్చినప్పుడు మీ ఊరి దగ్గర పేరున్న సర్వీస్ సెంటర్లో రోజంతా నిలబడి చూడండి. అడిగితే ఎవరూ కాదనరు.

ఇన్‌స్ట్రక్టరు పని పాఠంతో అయిపోదు. పిల్లవాడిని అప్రెంటిస్‌షిప్‌లో కూర్చోబెట్టేదాకా మన బాధ్యతే. అప్రెంటిసుల చట్టం 1961 నుంచి ఉంది, కానీ దాని కింద స్టైపెండ్‌తో శిక్షణ దొరుకుతుందని పల్లె పిల్లలకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. విశాఖలో నేవల్ డాక్‌యార్డు, హిందుస్థాన్ షిప్‌యార్డు, సికింద్రాబాద్‌లో లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, రామచంద్రాపురంలో భెల్, రెండు రాష్ట్రాల ఆర్టీసీ డిపోలు, వీటి ప్రకటనలు ఎప్పుడు వస్తాయో ఇన్‌స్ట్రక్టరుకు తెలిసి ఉండాలి. ఫారం నింపడం, ఫోటో సైజు, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం, ఇలాంటి చిన్న చిన్న వాటి దగ్గరే మంచి పనివాళ్ళు వెనకబడిపోతారు. మా వర్క్‌షాపులో శనివారం మధ్యాహ్నం ఈ పనికే కేటాయించేవాళ్ళం.

ఇక ఊరికి ఉపయోగపడటం గురించి. ముందుగా మీ చేతిలో ఉన్న విద్యతోనే సేవ మొదలుపెట్టండి. ఇతర పనులు వాటంతట అవే వెతుక్కుంటూ వస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు ఎక్కడ చూసినా కూలిన చెట్లే, రోజుల తరబడి కరెంటు లేదు. మా మాజీ సైనికుల బృందంలో ఉపన్యాసం ఇవ్వగలవారి కంటే పవర్ సా పట్టగలవారు, జనరేటరు బాగు చేయగలవారు ఎక్కువ అక్కరకొచ్చారు. ఆ పనిలో ఒక నియమం కచ్చితంగా పాటించాం: కొమ్మ కింద కరెంటు తీగ ఉంటే, లైన్‌మన్ స్వయంగా వచ్చి లైను ఆపి ఎర్త్ చేసిందాకా ఎవరూ ముట్టకూడదు. సబ్‌స్టేషన్‌లో కరెంటు లేదని అనుకున్నా, ఎవరి ఇంట్లోనో జనరేటరును తప్పుగా కలిపితే ఆ తీగలోకి వెనక్కి కరెంటు రావచ్చు. అలాంటి సమయంలో ఉత్సాహంతో ముందుకు దూకే కుర్రాళ్ళను ఆపడమే ఒక మాజీ సైనికుడు చేయగల పెద్ద మేలు.

రెండో పని, మనవాళ్ళ పెన్షన్ కాగితాలు. ఇది పైకి కనిపించని సేవ, కానీ దీనికి మించిన అవసరం మరొకటి లేదని నేను నమ్ముతాను. పశ్చిమ గోదావరిలోని మాధవరం లాంటి ఊళ్ళను మిలటరీ మాధవరం అని గౌరవంగా పిలుచుకుంటాం. ఇంటికొకరు సైన్యంలో ఉన్న అలాంటి ఊళ్ళలో పెన్షన్‌దారుల కన్నా వారి భార్యలు ఎక్కువ కాలం బతుకుతారు. భర్త పోయాక ఆ తల్లి పేరు సర్వీసు రికార్డులో ఒకలా, ఆధార్‌లో మరోలా, బ్యాంకులో ఇంకోలా ఉందని తేలుతుంది. ఒక ఊళ్ళో ఒకామె అసలు పేరు అప్పలనరసమ్మ. ఎప్పుడో ముప్పై ఏళ్ళ క్రితం భర్త రికార్డులో ఆమె ముద్దుపేరు రాయించాడు. ఆ ఒక్క పదం సరిచేయించడానికి అఫిడవిట్లు, సర్పంచి ధ్రువీకరణ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సిఫారసు, రికార్డు ఆఫీసుతో ఉత్తరప్రత్యుత్తరాలు అన్నీ పట్టాయి, ఆమెకు మాత్రం అంతకాలమూ పైసా రాలేదు. స్పర్శ్ అనే ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ వచ్చాక పని కంప్యూటరు మీదే జరుగుతుంది నిజమే, కానీ పేర్లు కలవకపోతే కంప్యూటరు కూడా ఆగిపోతుంది.

అందుకే ఇది మీకే చెబుతున్నాను. మీరు సర్వీసులో ఉండగానే భార్య పేరు, పుట్టిన తేదీ, పిల్లల వివరాలు మీ రికార్డులోనూ ఆధార్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే రికార్డులో మార్పులు నమోదు చేసే పార్ట్-2 ఆర్డరు ప్రచురించే యూనిట్ ఆఫీసు ఇప్పుడు మీకు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. పెన్షన్‌పై వచ్చాక అదే పనికి నెలలు పడుతుంది. జాయింట్ ఖాతా, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు కూడా సర్వీసులో ఉండగానే తేల్చేసుకోండి. మీ ఇంటి కాగితాలు చక్కబెట్టుకున్న క్రమంలో నేర్చుకున్నదే రేపు ఊళ్ళో పదిమందికి పనికొస్తుంది.

సేవలో జాగ్రత్తలు కూడా కొన్ని ఉన్నాయి. డబ్బు మీ చేతి మీదుగా పోనివ్వకండి. ఎవరు చందా ఇచ్చినా సంఘం ఖాతాలోకే వెళ్ళాలి, రసీదు ఉండాలి. ఎన్నికల సమయంలో ప్రతి పక్షం వారూ మాజీ సైనికుణ్ణి వేదిక మీద నిలబెట్టాలని చూస్తారు. మీకు ఏ అభిప్రాయమైనా ఉండవచ్చు, కానీ పెన్షన్ కాగితం పట్టుకుని వచ్చే అవతలి వర్గం తల్లి మీ గుమ్మం ఎక్కడానికి జంకే పరిస్థితి తెచ్చుకోకండి. ట్రైనీలను ఊరి పనులకు తీసుకెళ్ళాలనుకుంటే ప్రిన్సిపాల్ రాతపూర్వక అనుమతి తీసుకోండి, ఆ పని వాళ్ళ సిలబస్‌లో దేనికి అభ్యాసమవుతుందో ముందే రాసుకోండి. బడి బెంచీలు బాగుచేయడం, పంచాయతీ మోటారు పంపు విప్పి బిగించడం మంచి అభ్యాసాలే. ఊరికే మట్టి మోయించడం మాత్రం శిక్షణ కాదు.

ఊరి కుర్రాళ్ళు సైన్యంలో చేరడం గురించి అడుగుతారు. 2022లో అగ్నిపథ్ వచ్చాక నాలుగేళ్ళ తర్వాత ఏమిటన్న దిగులు వాళ్ళ ఇళ్ళలో బలంగా ఉంది. పరుగు ప్రాక్టీసు ఒక్కటే చేయించకుండా, ముందు ఐటీఐ పూర్తి చేయమని చెప్పండి. అగ్నివీర్ టెక్నికల్ విభాగంలో ఐటీఐ చేసినవారికి అదనపు మార్కులు ఉన్నాయి. నాలుగేళ్ళ తర్వాత తిరిగి రావాల్సి వచ్చినా చేతిలో ట్రేడు సర్టిఫికెట్టు ఉంటుంది. సైన్యం, ఐటీఐ రెండు జీవితాలూ తెలిసినవాళ్ళం కాబట్టి ఈ మాట మనం చెబితే తల్లిదండ్రులు వింటారు.

చివరగా, ఈ జీవితంలో తీరిక ఉండదని ఇంట్లో ముందే చెప్పండి. పొద్దున్న వర్క్‌షాపు, సాయంత్రం ఎవరో ఒకరి కాగితాలు, ఆదివారం కూడా తలుపు తడతారు. నేను వారంలో ఒక రోజు పూర్తిగా ఇంటికే ఉంచుకున్నాను, ఆ రోజు అత్యవసరమైతే తప్ప ఎవరినీ రమ్మనలేదు. ఊరు ఆ మాటను గౌరవించింది. పిల్లల చదువు మీద ఆధారపడి ఎక్కడ ఇల్లు తీసుకోవాలో నిర్ణయించుకోండి, ఎందుకంటే మోటార్ మెకానిక్ ట్రేడు ఉన్న ఐటీఐ మీ సొంత ఊరికి దగ్గరగా ఉండకపోవచ్చు.

మీకు ఎన్‌టీసీ ఇప్పటికే ఉందా, పదో తరగతి ఏ బోర్డు, ఏ జిల్లాలో స్థిరపడాలనుకుంటున్నారు, ఈ మూడు వివరాలు రాయండి. సీఐటీఎస్‌కు నేరుగా వెళ్ళవచ్చో, ముందు ట్రేడ్ పరీక్ష రాయాలో, మీ జిల్లాలో ఎవరిని కలవాలో అప్పుడు కచ్చితంగా చెప్పగలను.